అంత్యక్రియల దగ్గర ప్లకార్డులు: చట్టం వాటిని ఎంత దూరం జరపగలదు?

ప్రశ్న: మేము ఓహైయోలో పదిహేనేళ్లుగా ఉంటున్నాము. మా పక్కింటివాళ్ల అబ్బాయి సైన్యంలో పనిచేస్తూ ఈ మధ్య చనిపోయాడు. చిన్నప్పుడు మా పిల్లలతో కలిసి మా వాకిట్లోనే ఆడుకున్నవాడు. అంత్యక్రియల రోజున మేము చర్చికి వెళ్లేసరికి వీధి మలుపులో ఆరుగురు మనుషులు ప్లకార్డులు పట్టుకుని నిలబడి ఉన్నారు. సైనికుల చావు ఈ దేశానికి దేవుడు వేసిన శిక్ష అని వాటి మీద రాసి ఉంది. పోలీసులు పక్కనే ఉన్నా ఏమీ అనలేదు. శవపేటిక ఉన్న కారు వచ్చాక వాళ్లే వెళ్లిపోయారు. ఇంటికి వచ్చి "ఇది నేరం కాదా?" అని నేనంటే, పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయి "అది వాళ్ల హక్కమ్మా, మాట్లాడే స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగ మొదటి సవరణ ఉంది కదా" అంది. నేను కోప్పడ్డాను. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు. ఇప్పుడు మా వీధివాళ్లు సిటీ కౌన్సిల్‌కు ఒక అర్జీ తయారు చేశారు. అంత్యక్రియలు జరిగే రోజంతా, అర మైలు లోపల, చనిపోయినవారిని కించపరిచే ప్రదర్శన ఏదీ జరగకుండా నిషేధించాలని అందులో కోరారు. నేను సంతకం పెట్టవచ్చా? మా అమ్మాయి చెప్పినది నిజమేనా?
— ఒక పాఠకురాలు, ఓహైయో

సమాధానం: అమ్మా, మీ వాకిట్లో ఆడుకున్న పిల్లవాడిని సాగనంపడానికి వెళ్లి అలాంటి రాతలు చదవవలసి రావడం ఎంత బాధాకరమో నేను ఊహించగలను. దగ్గరివాళ్లు పోయిన రోజున పక్క వీధిలో ఎవరో గట్టిగా నవ్వినా మనసు తట్టుకోదు. అలాంటిది, ఆ చావునే చూపించి ఇది మంచిదే అని రాసిన అట్టముక్క ఎదురైతే కోపం రాని మనిషి ఉండరు. కాబట్టి మీ కోపాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. అయితే మీరు అడిగింది సంతకం గురించి. ఆ అర్జీ ఇప్పుడున్న రూపంలో ఉంటే సంతకం పెట్టవద్దని, అందులోని మూడు మాటలు మార్పించి అప్పుడు పెట్టమని నా సలహా. ఆ మూడూ ఏమిటంటే "కించపరిచే", "రోజంతా", "అర మైలు". వాటిని ఎందుకు మార్చాలో అర్థం కావాలంటే, మీరు చూసినలాంటి సంఘటనే ఒకటి అమెరికా సుప్రీం కోర్టు దాకా ఎలా వెళ్లిందో కొంచెం వివరంగా చెప్పాలి.

2006 మార్చిలో ఇరాక్‌లో ఒక వాహన ప్రమాదంలో మాథ్యూ స్నైడర్ అనే యువ మెరైన్ సైనికుడు చనిపోయాడు. మేరీలాండ్ రాష్ట్రంలోని వెస్ట్‌మినిస్టర్ అనే ఊళ్లో, ఒక కేథలిక్ చర్చిలో అంత్యక్రియలు జరిగాయి. కాన్సస్ రాష్ట్రంలోని టొపీకా నుంచి వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి అనే చిన్న సంఘం స్థాపకుడు ఫ్రెడ్ ఫెల్ప్స్, తన ఇద్దరు కూతుళ్లను, నలుగురు మనవలను వెంటబెట్టుకుని అక్కడికి వచ్చాడు. ఆ కుటుంబంతో వాళ్లకు ఏ పరిచయమూ లేదు. అమెరికా స్వలింగ సంపర్కులను సహిస్తోంది కనుక దేవుడు ఆ దేశ సైనికులను చంపి శిక్షిస్తున్నాడన్నది వాళ్ల ప్రచారం. చనిపోయిన సైనికుల కోసం దేవుడికి కృతజ్ఞతలు చెప్పే ప్లకార్డు ఒకటి, నువ్వు నరకానికి పోతున్నావు అనేది ఇంకొకటి, ఇలా చాలా పట్టుకున్నారు.

ఇక్కడ కొన్ని చిన్న వివరాలు ఉన్నాయి. తీర్పు మొత్తం వాటి మీదే నిలబడింది కనుక వాటిని జాగ్రత్తగా చూడండి. వాళ్లు తాము వస్తున్నామని ముందుగానే అధికారులకు తెలియజేశారు. ఎక్కడ నిలబడాలో పోలీసులు చెబితే అక్కడే నిలబడ్డారు. అది ప్రభుత్వ స్థలంలో పది అడుగుల వెడల్పు, ఇరవై అయిదు అడుగుల పొడవు ఉన్న చోటు. చర్చికి దాదాపు వెయ్యి అడుగుల దూరం, మధ్యలో కొన్ని భవనాలు. అంత్యక్రియలకు ముందు అరగంట సేపు నిలబడి, పాటలు పాడి, బైబిల్ వాక్యాలు చదివి వెళ్లిపోయారు. ఎవరినీ తిట్టలేదు, ఎవరి దారికీ అడ్డం రాలేదు, చర్చి ఆవరణలో కాలు పెట్టలేదు. ఆ అబ్బాయి తండ్రి ఆల్బర్ట్ స్నైడర్‌కు కారులో వెళ్తుండగా ప్లకార్డుల పై అంచులు మాత్రమే కనిపించాయి. వాటి మీద ఏం రాసి ఉందో ఆయనకు ఆ రాత్రి టీవీ వార్తలు చూసేదాకా తెలియలేదు.

ఆ తండ్రి దావా వేశాడు. కావాలని తీవ్రమైన మనోవేదన కలిగించారని, తన దుఃఖపు ఏకాంతంలోకి చొరబడ్డారని ఆరోపించాడు. జ్యూరీ ఆయన పక్షాన నిలిచి 29 లక్షల డాలర్ల నష్టపరిహారం, దాని మీద శిక్షగా మరో 80 లక్షల డాలర్లు ఇవ్వమంది. విచారణ జరిపిన న్యాయమూర్తి రెండో మొత్తాన్ని 21 లక్షలకు తగ్గించాడు. పై కోర్టు అదంతా కొట్టివేసింది. చివరికి 2011 మార్చి 2న సుప్రీం కోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా ఫెల్ప్స్ కుటుంబానికే అనుకూలంగా తీర్పు ఇచ్చింది.

ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాసిన ఆ తీర్పును చదివినవాళ్లెవరికీ ఆయన ఆ ప్లకార్డులను మెచ్చుకున్నాడని అనిపించదు. మాటకు బాధపెట్టే శక్తి ఉందని, ఇక్కడ అది చాలా బాధ పెట్టిందని ఆయన ఒప్పుకున్నాడు. కానీ దేశం నైతికంగా ఎటు పోతోంది, సైన్యంలో ఎవరు ఉండాలి, యుద్ధంలో చావులకు అర్థమేమిటి అన్నవి, ఎంత వికృతంగా చెప్పినా, అందరికీ సంబంధించిన విషయాలు. వాటిని బహిరంగ స్థలంలో, పోలీసులు చూపించిన చోట, శాంతియుతంగా చెప్పినప్పుడు, విన్నవాళ్లకు బాధ కలిగిందన్న కారణంతో చెప్పినవాళ్లను శిక్షించలేమన్నది ఆ తీర్పు సారం. ఆ కుటుంబం అదే చోట నిలబడి "దేవుడు అమెరికాను దీవించుగాక" అని రాసిన ప్లకార్డు పట్టుకుని ఉంటే ఎవరూ దావా వేసేవారు కాదని, అంటే ఇక్కడ బాధ పుట్టింది నిలబడిన తీరు వల్ల కాక చెప్పిన విషయం వల్లనేనని కూడా కోర్టు ఎత్తి చూపింది.

కాబట్టి మీ అమ్మాయి చెప్పినది ఇంతవరకు నిజమే. కానీ ఆ తీర్పులోనే ఆ తర్వాత వచ్చే భాగాన్ని చాలామంది చదవరు. అంత్యక్రియల దగ్గర ఎవరైనా ఎప్పుడైనా ఎలాగైనా నిలబడవచ్చని సుప్రీం కోర్టు ఎక్కడా అనలేదు. తమ తీర్పు ఈ ఒక్క కేసు వివరాలకే పరిమితమని స్పష్టంగా రాసింది. అప్పటికే మేరీలాండ్‌తో కలిపి 44 రాష్ట్రాలలోనూ, కేంద్ర స్థాయిలోనూ అంత్యక్రియల దగ్గర నిరసనలను నియంత్రించే చట్టాలు ఉన్నాయని గుర్తుచేసి, స్నైడర్ అంత్యక్రియలు జరిగిన రోజుకు మేరీలాండ్‌లో అలాంటి చట్టమే లేదని కూడా చెప్పింది. లేని చట్టం చెల్లుతుందో లేదో తేల్చవలసిన పని కోర్టుకు రాలేదు.

ఆ చట్టాలు ఎలా పనిచేస్తాయో చూస్తే మీ అర్జీలో లోపం మీకే కనిపిస్తుంది. నిలబడే సమయం, స్థలం, పద్ధతి విషయంలో ప్రభుత్వం నియమాలు పెట్టవచ్చని అమెరికా కోర్టులు ఎన్నో ఏళ్లుగా ఒప్పుకుంటూ వస్తున్నాయి. అయితే ఆ నియమానికి ప్లకార్డు మీద ఏం రాసి ఉందన్న దానితో పని ఉండకూడదు. అది కాపాడే ప్రయోజనం గట్టిదై ఉండాలి, ఆ ప్రయోజనానికి అవసరమైనంత మేరకే హక్కును తగ్గించాలి, మాట చెప్పుకోవడానికి వేరే దారులు తెరిచి ఉంచాలి. 1989లో న్యూయార్క్‌లోని పార్కు సంగీత కచేరీల శబ్దం మీద వచ్చిన తీర్పు ఈ పరీక్షను స్థిరపరిచింది. ఇక దుఃఖంలో ఉన్నవాళ్ల మాటకొస్తే, అంతకు ముందు ఏడాదే, అంటే 1988లో, విస్కాన్సిన్‌లోని బ్రూక్‌ఫీల్డ్ పట్టణం ఒక వ్యక్తి ఇంటి ముందు గుమికూడి నిరసన చేయడాన్ని నిషేధిస్తే సుప్రీం కోర్టు దాన్ని నిలబెట్టింది. సొంత ఇంట్లో ఉన్న మనిషి ఎక్కడికీ తప్పించుకుని పోలేడు, వినక తప్పదు కనుక అతనికి ఆ మాత్రం రక్షణ ఉండాలని చెప్పింది. శవపేటిక పక్కన కూర్చున్న తల్లి కూడా ఎక్కడికీ లేచి పోలేదు కదా. ఆ పోలికే తర్వాత మీ ఓహైయోలో పనికొచ్చింది.

ఓహైయో చట్టం ప్రకారం అంత్యక్రియలకు ఒక గంట ముందు నుంచి అవి ముగిసిన గంట తర్వాత దాకా ఆ స్థలానికి 300 అడుగుల లోపల నిరసన ప్రదర్శన చేయకూడదు. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం ఒక గోల్ గీత నుంచి ఇంకో గోల్ గీత దాకా ఎంత ఉంటుందో అంత దూరం. వెస్ట్‌బరో సభ్యురాలు ఒకరు ఈ చట్టం మీద దావా వేస్తే, 2008లో ఆరవ సర్క్యూట్ అప్పీలు కోర్టు (సర్క్యూట్ అంటే కొన్ని రాష్ట్రాలు కలిసిన కేంద్ర అప్పీలు కోర్టు పరిధి, ఓహైయో ఆరవదానిలో ఉంది) ఆ 300 అడుగులనూ, ఆ గంటల లెక్కనూ సమర్థించింది. అయితే శవయాత్ర ఏ వీధిలో వెళ్తే ఆ వీధిలో, దానితో పాటు కదులుతూ పోయే నిషేధ వలయం కింది కోర్టులో నిలవలేదు. ఊరేగింపు ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలియకుండా తన కాలిబాట మీద తాను నిలబడ్డ మనిషి ఉన్నట్టుండి నేరస్థుడైపోతాడు కనుక అది సబబుగానే ఉంది. మిస్సోరీలోని మాంచెస్టర్ నగరం పెట్టిన 300 అడుగుల నియమాన్ని 2012లో, నెబ్రాస్కా పెట్టిన 500 అడుగుల నియమాన్ని 2017లో ఎనిమిదవ సర్క్యూట్ కోర్టు నిలబెట్టింది.

మీ పక్కింటి అబ్బాయి సైనికుడు కనుక కేంద్ర చట్టం కూడా ఉంది. జాతీయ శ్మశానాల కోసం 2006లో అధ్యక్షుడు బుష్ సంతకంతో మొదలైన నియమాలను 2012లో అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన చట్టం మరింత గట్టిపరిచింది. సైనిక అంత్యక్రియలకు రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తర్వాత దాకా 300 అడుగుల లోపల శాంతిని భంగపరచకూడదన్నది దాని సారాంశం. అంటే మీ ఊళ్లో ఇప్పటికే రెండు చట్టాలు ఉన్నాయి. ఆ రోజు పోలీసులు ఊరికే నిలబడ్డారని మీకు అనిపించి ఉండవచ్చు. కానీ బహుశా వాళ్లు దూరం కొలిచే ఆ ఆరుగురినీ మలుపులో నిలబెట్టి ఉంటారు.

ఇప్పుడు ఆ మూడు మాటల సంగతి చూద్దాం. అన్నిటికంటే ప్రమాదకరమైనది "కించపరిచే" అన్న మాట. పోలీసు అధికారి ప్లకార్డు చదివి, ఇది కించపరుస్తోందా, గౌరవిస్తోందా అని తేల్చి, దాన్ని బట్టి ఒకరిని పంపించి ఇంకొకరిని ఉండనివ్వాలని మీ అర్జీ కోరుతోంది. సరిగ్గా ఇలాంటి చట్టమే వాషింగ్టన్ నగరంలో ఉండేది. విదేశీ రాయబార కార్యాలయాలకు 500 అడుగుల లోపల, ఆ దేశ ప్రభుత్వానికి అప్రతిష్ట తెచ్చే ప్లకార్డులు పట్టుకోకూడదని అందులో ఉండేది. పొగిడే ప్లకార్డు ఉండవచ్చు, తెగిడేది ఉండకూడదు. 1988లో సుప్రీం కోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. మీ కౌన్సిల్ ఈ మాటతో చట్టం చేస్తే అదీ అలాగే పోతుంది. పోవడమే కాదు, దావా వేసి గెలిచినవాళ్ల న్యాయవాదుల ఫీజు కూడా సాధారణంగా నగరమే కట్టవలసి వస్తుంది. ఆ బాధ పెట్టినవాళ్లకే మీరంతా పన్ను రూపంలో డబ్బు చెల్లించినట్టు అవుతుంది.

"అర మైలు" అంటే 2,640 అడుగులు, దాదాపు తొమ్మిది ఫుట్‌బాల్ మైదానాల పొడవు. చర్చి ఊరి మధ్యలో ఉంటే అంత వలయంలోకి కోర్టు, బడి, కౌన్సిల్ భవనం, అన్నీ వచ్చేస్తాయి. "రోజంతా" అన్నది దానికి తోడైతే, "కించపరిచే" అన్న మాట తీసేశాక, ఊళ్లో ఎవరివైనా అంత్యక్రియలు జరిగే ప్రతి రోజూ ఆ వలయంలో ఏ సమ్మె శిబిరమూ, ఏ నిరసనా ఉండటానికి వీల్లేదు. 2014లో మసాచుసెట్స్ రాష్ట్రం గర్భస్రావ కేంద్రాల ముందు పెట్టిన 35 అడుగుల గీతనే సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా చెరిపేసింది. 300 అడుగులు చెల్లినప్పుడు 35 ఎందుకు చెల్లలేదని మీరు అడగవచ్చు. నాకు తోచిన కారణం ఇది. ఆ కేంద్రం ముందు గీత పనివేళలన్నిటా, ప్రతి రోజూ ఉండేది. పైగా అక్కడ నిలబడేవాళ్లలో కొందరు లోపలికి వెళ్లే స్త్రీలతో మెల్లగా మాట్లాడాలని కోరుకునేవాళ్లు, ఆ గీత వాళ్ల మాటను పూర్తిగా నొక్కేసింది. అంత్యక్రియలు మాత్రం ఒక మనిషికి ఒక్కసారే, కొద్ది గంటలే. ఆ కొద్ది గంటల తర్వాత ప్లకార్డు పట్టుకున్నవాడు మళ్లీ ఎక్కడైనా నిలబడవచ్చు. అంత్యక్రియల చట్టాలకు బలం వచ్చింది ఆ క్లుప్తత నుంచే. "రోజంతా" అన్న మాటతో మీవాళ్లు ఆ బలాన్నే చేజేతులా వదులుకుంటున్నారు.

ఇంకో సంగతి మీ వీధివాళ్లకు తప్పకుండా చెప్పండి. అంత్యక్రియలు ఎప్పుడూ మౌనంగానే జరగవు. 1955లో మిసిసిపీలో చిత్రహింసలు పెట్టి చంపిన పద్నాలుగేళ్ల నల్లజాతి పిల్లవాడు ఎమెట్ టిల్ శవాన్ని షికాగోకు తెచ్చినప్పుడు, నా బిడ్డకు ఏం చేశారో లోకమంతా చూడాలని అతని తల్లి శవపేటికను తెరిచే ఉంచింది. వేలాది మంది వచ్చి చూశారు. అమెరికాలో పౌరహక్కుల పోరాటాన్ని కదిలించిన ఘట్టాలలో అది ఒకటి. అది అంత్యక్రియా, నిరసనా అని ఎవరు విడదీసి చెప్పగలరు? అంత్యక్రియల దగ్గర ఏ మాట మర్యాద, ఏది కాదు అని తేల్చే అధికారం ఆనాటి మిసిసిపీ షెరీఫ్ చేతిలో ఉంటే అతడు ఏ తల్లి నోరు మూయించేవాడో ఆలోచించమనండి. కొలబద్దనూ గడియారాన్నీ మాత్రమే చూసే చట్టాన్ని నేను ఇంతగా పట్టుబట్టి అడగడానికి కారణం ఇదే.

సుప్రీం కోర్టులో ఒంటరిగా విభేదించిన న్యాయమూర్తి శామ్యూల్ అలిటో వాదనను కూడా మీ ముందు ఉంచాలి, ఎందుకంటే మీ మనసులో ఉన్నది అదే. దేశ విధానాల మీద మాట్లాడుకోవడానికి ఈ కుటుంబానికి లెక్కలేనన్ని వేదికలు ఉన్నాయని, వాళ్లు కావాలనే ఒక సాధారణ తండ్రిని అతి బలహీనమైన క్షణంలో ఎంచుకుని గాయపరిచారని, స్వేచ్ఛగా చర్చించుకోవాలన్న దేశ సంకల్పం అలాంటి మాటల దాడికి అనుమతి పత్రం కాదని ఆయన రాశాడు. ఇది తేలిగ్గా తోసిపుచ్చే వాదన కాదు. నేను ఎనిమిది మంది వైపే ఉంటాను, కానీ ఆ తండ్రి మొహం గుర్తుంచుకునే ఉంటాను. ప్లకార్డుల మీద రాతలు దేశం సంగతి వదిలి ఆ ఒక్క కుటుంబపు సొంత విషయాల మీదికి మళ్లితే, లేదా ప్రదర్శన చర్చి గుమ్మం దాకా వచ్చి కార్యాన్ని అడ్డుకుంటే, కేసు వేరుగా తేలే అవకాశం ఆ తీర్పులో మిగిలే ఉంది.

చట్టం చేయలేని పనిని మనుషులు చేసిన సందర్భాలు ఉన్నాయి. 2005 నుంచి పేట్రియట్ గార్డ్ రైడర్స్ అనే మోటార్ సైకిళ్ల బృందం, కుటుంబం పిలిస్తేనే వచ్చి, పెద్ద పెద్ద జాతీయ జెండాలు పట్టుకుని, ప్లకార్డులు కుటుంబానికి కనపడకుండా వరుసగా నిలబడుతోంది. 1999లో వయోమింగ్ రాష్ట్రంలోని లారమీలో, స్వలింగ సంపర్కుడైన విద్యార్థి మాథ్యూ షెపర్డ్ హత్య కేసు విచారణ సమయంలో, అతని స్నేహితులు తెల్లని బట్టతో మనిషెత్తు రెక్కలు చేసి భుజాలకు కట్టుకున్నారు. వెస్ట్‌బరో వాళ్ల ముందు నిలబడి, రెక్కలు చాచి, ఒక్క మాట మాట్లాడకుండా ఆ రాతలను కప్పేశారు. 2016లో ఓర్లాండోలోని ఒక గే నైట్‌క్లబ్‌లో జరిగిన కాల్పుల మృతుల అంత్యక్రియల దగ్గర కూడా అలాంటి రెక్కలు కనిపించాయి. మీ వీధిలో సంతకాలు పెట్టిన వాళ్లలో సగం మంది, మళ్లీ అలాంటి రోజు వస్తే తెల్ల గొడుగులు పట్టుకుని ఆ మలుపులో నిలబడితే చాలు. వాళ్లకు ఆ కాలిబాట మీద ఎంత హక్కు ఉందో మీకూ అంతే ఉంది. అయితే ముందు ఆ కుటుంబాన్ని అడగండి. వాళ్లకు ఎవరి హడావిడీ వద్దనిపిస్తే మానేయండి.

అంత్యక్రియలు ఏర్పాటు చేసే సంస్థతో, పోలీసులతో రెండు రోజుల ముందే మాట్లాడితే, కార్లు ఆ మలుపు తగలకుండా వేరే దారిన వచ్చేలా చూస్తారు. చర్చి ఆవరణ, దాని కార్ల పార్కింగ్ సొంత ఆస్తి కనుక అక్కడికి వచ్చినవాళ్లను బయటికి పొమ్మనే అధికారం చర్చివాళ్లకు ఉంది. బెదిరించినా, దారి అడ్డగించినా, మైకులతో ప్రార్థన వినపడకుండా చేసినా ఉన్న చట్టాలు చాలు.

మీ అమ్మాయి విషయానికి వస్తే, ఆమె మీ బాధను కాదనలేదు. బడిలో నేర్చుకున్నది చెప్పింది. కానీ ఆ ఇంటి మనిషి పోయిన రోజే చెప్పవలసిన మాట కాదు, అది ఆమెకూ తెలిసే ఉంటుంది. ముందు మీరే పలకరించండి. 300 అడుగుల చట్టం సంగతి ఆమెకు బహుశా తెలియదు, అది మీరు చెప్పండి. అర్జీని తిరగరాయడంలో ఆమెను కలుపుకోండి. రాష్ట్ర చట్టం ఇప్పటికే ఉంది కనుక, దాన్ని గట్టిగా అమలు చేయాలనీ, దూరాన్ని 500 అడుగులకు పెంచగలరేమో నగర న్యాయవాది చేత పరిశీలింపజేయాలనీ, సమయం కార్యానికి ముందూ తర్వాతా ఒక్కో గంట ఉండాలనీ, ప్లకార్డు మీద ఏం రాసి ఉన్నా నియమం ఒక్కటే కావాలనీ రాయండి. నెబ్రాస్కా తీర్పు మీ సర్క్యూట్‌కు శిరోధార్యం కాదు, కానీ చూపించడానికి పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. చర్చి స్థలం హద్దు నుంచి ఆ మలుపు దాకా ఎంత దూరమో కొలవండి. 300 అడుగుల లోపల ఉంటే ఆ రోజు ఉన్న చట్టమే అమలు కాలేదని అర్థం, అప్పుడు మీరు కౌన్సిల్‌ను అడగవలసిన ప్రశ్నే వేరు. అంతకు మించి ఉంటే, ఆ అంకెను, మలుపు ఎక్కడుందో చూపించే చిన్న పటాన్ని అర్జీకి జతచేయండి. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. మీ అమ్మాయిని రమ్మనండి.